అమావాస్య నాడు ఆగిన కంప్యూటర్

నెలకొకసారి మంగళగిరిలో ఆ వీధి మూగబోతుంది. మిగతా రోజుల్లో తెల్లవారకముందే మగ్గాల టకటక మొదలవుతుంది. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే. అందుకే ఆ వీధి ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకు పోయినా గట్టిగానే మాట్లాడతారు, కొత్తవాళ్ళు చూసి పోట్లాడుకుంటున్నారేమో అనుకుంటారు. అమావాస్య నాడు మాత్రం ఏ ఇంట్లోనూ మగ్గం ఆడదు. తాతల నాటి నుంచి నేతపనివాళ్ళకు సెలవంటే అదే, ఆదివారం లెక్కలోకి రాదు.

2008 డిసెంబరు ఆఖరి శనివారం అలాంటి అమావాస్య. రాఘవులు తలస్నానం చేసి, మగ్గానికి కుంకుమ బొట్టు పెట్టి, కొండమీది స్వామి దర్శనానికి బయలుదేరాడు. ముప్ఫై ఏళ్ళుగా గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే మనిషికి ఆ మెట్లెక్కే తీరిక ఆ ఒక్కరోజే దొరుకుతుంది. వరండాలో కూతురు జ్యోతిర్మయి జడ వేసుకుంటూ కనిపించింది.

"ఇవాళ ఇన్‌స్టిట్యూట్ లేదా అమ్మాయ్?"

"సెలవు పెట్టాను నాన్నా. సోమవారం సాయంత్రంలోగా దరఖాస్తు పంపాలి కదా."

"ఊఁ" అన్నాడు రాఘవులు.

ఆయన ఊఁ అన్నాడంటే అవునని అర్థం కావచ్చు, కాదని కావచ్చు, ఇంకొంచెం మజ్జిగ పొయ్యమని కూడా కావచ్చు. పాతికేళ్ళు కాపురం చేసిన సామ్రాజ్యానికే సగం సార్లు తేలదు. జ్యోతిర్మయి దాన్ని అవునని తీసుకుంది.

దరఖాస్తు సంగతి ఇది. మార్చిలో బెంగళూరులో చేనేత ప్రదర్శన పెడుతున్నారు. దుకాణాలవాళ్ళు కాదు, నేసినవాళ్ళే తమ పేరుతో చీర పంపుకోవచ్చు. రాఘవులు ఇన్నేళ్ళలో నేసిన చీరలన్నీ మాస్టర్ వీవర్ వెంకటనారాయణగారి పేరు మీదే పోయాయి. నూలు ఆయనది, రంగు ఆయనది, చీర మీద అంటించే చీటీ ఆయనది. అందులో మోసం లేదు, వాడుక అంతే. కానీ కిందటి శ్రావణంలో రాఘవులు మొదటిసారి సొంత నూలుతో ఒక పడుగు, అంటే నిలువుపోగుల వరస, పోసుకున్నాడు. సున్నపు తెలుపు ఒళ్ళు, అంచు పొడుగునా చిటికెన వేలి గోరంత ఎర్రని మిరపకాయలు, ఒక్కొక్క దానికీ ఆకుపచ్చ తొడిమ. రాఘవులు వాళ్ళమ్మది ప్రత్తిపాడు. చిన్నప్పుడు అక్కడి కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల మధ్య నడిచిన మనిషి కాబట్టి ఆ అంచు ఆయనకే తోచింది. సామ్రాజ్యం ఆ చీరను చూసి రెండుసార్లు చేత్తో నిమిరింది. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద మెప్పు లేదు.

"దీన్ని నీ పేరు మీద పంపుదాం నాన్నా" అన్నది జ్యోతిర్మయి. ఆయన వారం రోజులు ఊఁ కూడా అనలేదు. చివరికి ఒక షరతు పెట్టాడు.

"పంపితే పంపు. కానీ దాని బొమ్మ మనింటి గడప దాటి ఇంకొకళ్ళ కంప్యూటర్లో పడకూడదు."

షరతు న్యాయమైనదే. కొత్త అంచు ఒకరి కంటపడితే పదిహేను రోజుల్లో నాలుగు వీధుల్లో అదే నేస్తారు. నెట్ సెంటర్లో బొమ్మలు పెడితే అవి అక్కడే ఉండిపోతాయి. జ్యోతిర్మయి కంప్యూటర్ పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్‌లో చేద్దామంటే దాని యజమాని బావమరిదికి విజయవాడలో చీరల కొట్టుంది. ఇక మిగిలింది ఇంట్లో కంప్యూటరే. ముసలిదైపోయిందని ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు మూలన పడేస్తే రెండేళ్ళ క్రితం జ్యోతిర్మయి అడిగి తెచ్చుకుంది. పెట్టడానికి చోటు లేక మగ్గం గదిలో గోడవారగా పెట్టారు.

ఆ ముసలి కంప్యూటర్ గురువారం నాడు మొండికేసింది. ప్రదర్శనవాళ్ళ వెబ్‌సైట్ తెరవబోతే, మీ బ్రౌజర్ పాతది, కొత్తది పెట్టుకుని రండి అన్నది. జ్యోతిర్మయి కొత్త బ్రౌజర్ దింపింది. అది ఎక్కించబోతే, మీ విండోస్ పాతది, నేను ఇక్కడ ఉండను అన్నది. పోనీ కొత్త విండోస్ వేద్దామంటే దానికి సరిపడా మెమరీ ఈ డబ్బాలో లేదు. ఒకదానికొకటి సాకులు చెప్పుకుని ముగ్గురూ కలిసి తనను బయటికి నెట్టేసినట్టయింది.

అప్పుడు తోటి పంతులమ్మ ఖైరున్నీసా ఒక సీడీ తెచ్చిచ్చింది. కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన లినక్స్ అది, విండోస్‌కు బదులు పెట్టుకునేది. "పాత మిషన్ల మీద కూడా నడుస్తుందంట జ్యోతీ. కొత్త బ్రౌజర్ అందులోనే ఉంటుందంట. నేనైతే వెయ్యలేదమ్మా, భయం" అన్నది. జ్యోతిర్మయి ముందు సీడీ మీద నుంచే నడిపి చూసింది. నడిచింది గానీ, చీర ఫొటో తెరిచేసరికి బిగుసుకుపోయింది. లోపల డిస్కులో పెడితే తప్ప లాభం లేదు. డిస్కులో పాత విండోస్ ఉంది, రెండేళ్ళుగా తను రాసుకున్న పాఠాలున్నాయి. వాటిని ఒక పక్కకు జరిపి, మిగిలిన చోట్లో లినక్స్ పెట్టాలి. ఆ జరపడం జరుగుతున్నంతసేపూ మిషన్ ఆగకూడదు.

శనివారం పదింటికి జ్యోతిర్మయి పని మొదలుపెట్టింది. కరెంటు కోత అయిపోయి అప్పుడే వచ్చింది, మళ్ళీ సాయంత్రం దాకా పోదు. చీర ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో దాచింది. పాఠాలు మాత్రం దాచలేదు. ఏ పనికైనా ముందు కాపీ తీసుకోండి అని పిల్లలకు రోజూ చెప్పే పంతులమ్మే ఆ పని చెయ్యలేదు. గంట పడుతుందని తెరమీద వచ్చింది. నూటికి నలభై వంతులయిందాకా చూసి, చీర ఫొటోలకని ఖైరున్నీసా దగ్గర తెచ్చిన కెమెరాలో బొమ్మలు చెరిపేసి, ఇచ్చి వద్దామని వెళ్ళింది. సామ్రాజ్యం పెరట్లో గుడ్డలు ఉతుకుతోంది.

రాఘవులు కొండ దిగి వచ్చేసరికి ఇంట్లో ఎక్కడో గుయ్‌మని చప్పుడు వినిపించింది. వీధంతా నిశ్శబ్దంగా ఉన్న రోజు, ఆ చిన్న చప్పుడే పెద్దగా ఉంది. వెళ్ళి చూస్తే మగ్గం గదిలో కంప్యూటర్ తిరుగుతోంది. దాని ముందు ఎవరూ లేరు. దసరాకు మగ్గంతో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టింది ఆయనే. మగ్గం గదిలో ఉన్నది కాబట్టి అదీ పనిముట్టే. పనిముట్టు అమావాస్య నాడు ఆడకూడదు. ఇన్నాళ్ళూ అమావాస్యలకు కూతురు ఇన్‌స్టిట్యూట్‌కు పోయేది కాబట్టి ఈ పేచీ రాలేదు.

ఆయన కూతుర్ని ఒకసారి కేకేశాడు, పలకలేదు. అప్పుడు కంప్యూటర్‌ను రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకున్నాడు. ప్లగ్గు పీకాడు. దుమ్ము పడకుండా పైన తన కండువా కప్పాడు. ఎంత శ్రద్ధగా చేశాడంటే, అది తప్పని ఎవరైనా చెప్పినా నమ్మేవాడు కాదు.

జ్యోతిర్మయి తిరిగి వచ్చి కండువా చూసింది. తీసి, ప్లగ్గు పెట్టి, మీట నొక్కింది. నల్లటి తెరమీద ఒక తెల్లగీత మినుకుమంటూ నిలబడింది. మళ్ళీ ఆపి నొక్కింది. అదే గీత. నాలుగోసారీ అంతే. పాతదీ లేదు, కొత్తదీ లేదు.

"నాన్నా, ఎవరు పీకారు దీన్ని?"

"నేనే" అన్నాడు వరండాలోంచి. "అమావాస్య కదా. నువ్వు మర్చిపోయి వెళ్ళావనుకున్నాను."

"మర్చిపోలేదు. అది పనిలో ఉంది."

"అందుకే ఆపాను. ఇవాళ పని చెయ్యకూడదు."

జ్యోతిర్మయి వరండాలోకి వచ్చింది. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"మధ్యలో పీకావు నాన్నా. డిస్కు మొత్తం పాడైంది. రెండేళ్ళ పాఠాలు పోయినై. నీ దరఖాస్తు పంపడానికి దారీ పోయింది."

"ఒక తీగ లాగితే అంతా పోద్దా? రాత్రి పడుకునేముందు నువ్వు ఆపవా?"

"చెప్పి ఆపుతాను. అది సర్దుకుని ఆగుద్ది. నువ్వు పీకావు."

"నాకేం తెలుసు అమ్మాయ్."

"తెలియకపోతే నన్నడగాలి. బయట చెయ్యొద్దన్నది నువ్వే. ఇంట్లో చేస్తుంటే ఆపిందీ నువ్వే. నీకసలు ఈ చీర పంపడం ఇష్టం లేదు నాన్నా. అది నోటితో చెప్పలేక ప్లగ్గు పీకావు."

ఆ మాట అనగానే తనే నాలిక కరుచుకుంది. రాఘవులు ముఖం నల్లబడింది. లేచి, చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. అప్పటికి సామ్రాజ్యం తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ పెరట్లోంచి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి? కూర్చోండి. సెలవు నాడు అలిగి వీధిలో తిరిగితే ఊరంతా కారణం అడుగుద్ది. నువ్వూ కూర్చోవే."

ఇద్దరూ కూర్చున్నారు. ఆ ఇంట్లో సామ్రాజ్యం గొంతెత్తకుండా చెప్పిన మాటకు తిరుగు లేదు.

"ఇప్పుడు చెప్పు జ్యోతీ. ఆ పెట్టెలో నువ్వేం చేస్తున్నావో నాకర్థమయ్యేట్టు చెప్పు."

"పాతది తీసెయ్యకుండా, దాని పక్కనే కొత్తది పెడుతున్నానమ్మా. పాతదాన్ని కొంచెం కొంచెంగా జరిపి, ఎక్కడిదక్కడ సర్ది, దాని కొసన కొత్తది మొదలుపెట్టాలి. అది జరుగుతుండగా ఆపితే ఏది ఎక్కడుందో దానికే తెలియకుండా పోద్ది."

సామ్రాజ్యం చేసేది అతుకు పని. మగ్గం మీద ఒక పడుగు అయిపోవచ్చినప్పుడు దాన్ని మొత్తం కోసెయ్యరు. మూరెడు పాతపోగులు మగ్గానికే ఉంచుతారు. కొత్త పడుగు తెచ్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక్కొక్క కొత్తపోగునూ ఒక్కొక్క పాతపోగు కొసకు మెలిపెడతారు. మూడు వేల పైచిలుకు పోగులు. వీధిలో నలుగురు ఆడవాళ్ళకే ఆ పని నమ్మకంగా ఇస్తారు, వాళ్ళలో సామ్రాజ్యం చెయ్యి మొదటిది. ఆమె అతికిన పడుగులో పోగు తప్పిందని ఇంతవరకు ఒక్కరూ అనలేదు.

"అయితే అతుకేగా" అన్నది.

"అతుకే" అన్నది జ్యోతిర్మయి. అప్పటిదాకా ఆమెకూ ఆ మాట తట్టలేదు.

రాఘవులు తలెత్తాడు. సామ్రాజ్యం అతుకుతున్నప్పుడు ఆ గదిలోకి ఎవరినీ రానివ్వనిది ఆయనే. ఫ్యాను వెయ్యనివ్వడు. పిలవడానికి వచ్చిన చుట్టాలను కూడా వీధిలోనే నిలబెట్టి మాట్లాడి పంపిస్తాడు. ఒకసారి స్వయంగా వెంకటనారాయణగారు వస్తే, అతుకు మధ్యలో ఉందండీ, రేపు రండి అని వెనక్కి పంపిన మనిషి.

"అతుకు మధ్యలో చెయ్యి పెట్టానా నేను" అన్నాడు నెమ్మదిగా.

ఆయన తన చేతులు చూసుకున్నాడు.

"అతుకని తెలిస్తే ముట్టుకునేవాణ్ణా అమ్మాయ్? ఇంట్లో అగ్గి పడ్డా ముట్టుకునేవాణ్ణి కాదు."

"నేనూ చెప్పలేదు నాన్నా. చెప్పి వెళ్ళాల్సింది. పాఠాలు కాపీ తీసుకోకపోవడం నా తప్పు. అదంతా నీ మీద పెట్టాను."

"అది కాదు. నువ్వన్నమాటలో సగం నిజం ఉంది." అన్నాడు రాఘవులు. "ఇష్టం లేక కాదు. భయం. ఇన్నేళ్ళూ మంచైనా చెడైనా వెంకటనారాయణగారి పేరు మీద పోయింది. బాగుందంటే ఆయనకే, బాగాలేదంటే ఆయనకే. ఇప్పుడు నా పేరు మీద పోయి, ఇది పనికిరాదు అని తిరిగొచ్చిందనుకో, అది నన్ను అన్నట్టే కదా. ఈ వయసులో ఆ మాట పడగలనో లేదోనని."

జ్యోతిర్మయికి కళ్ళు నిండాయి. నాన్నకు భయముంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇంటర్ తప్పినప్పుడు, "పోగు తెగితే ముడేసుకుంటాం గానీ మగ్గం పారేస్తామా" అని తనను మళ్ళీ పరీక్షకు కూర్చోబెట్టింది ఆయనే. ఆ మాట ఇప్పుడు ఆయనకు ఎవరు చెప్పాలి? తను చెబితే బాగుండదు. లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"పాతది పోయింది కాబట్టి ఇక అతుకు అక్కర్లేదు నాన్నా. డిస్కు మొత్తం తుడిచి కొత్తదే పెట్టొచ్చు. సీడీ ఉంది, ఫొటోలున్నై, రెండు రోజులున్నై."

"అయితే ఇప్పుడే మొదలెట్టు" అన్నాడు రాఘవులు.

సామ్రాజ్యం మొగుడి ముఖంలోకి చూసింది. ఆయన నోట అమావాస్య నాడు ఆ మాట వినడం ఆమెకు ఇదే మొదలు.

"వద్దులే నాన్నా" అన్నది జ్యోతిర్మయి. "రేపు పొద్దున చేద్దాం. ఇవాళ దానిక్కూడా సెలవే."

రాఘవులు ఊఁ అన్నాడు. ఈసారి ఆ ఊఁకు అర్థం ఇద్దరికీ తెలిసింది.

ఆదివారం కరెంటు కోత ఉండదు. ఐదింటికే ఆయన తలస్నానం చేసి, కూతుర్ని లేపాడు. కొత్త పడుగు ఎక్కించే రోజు ఎలా చేస్తాడో అలాగే. గదిలో నీళ్ళు చల్లి తుడిచాడు. జ్యోతిర్మయి సీడీ పెట్టగానే స్టూలు తెచ్చుకుని స్విచ్చిబోర్డు కింద కూర్చున్నాడు. ఏడింటికి ఎదురింటి యలమంద ఏదో పనిమీద వచ్చి తలుపు తోశాడు.

"ఏరా రాఘవులూ, ఇవాళ మగ్గం ఎక్కలేదే?"

"లోపలికి రాకురా. అమ్మాయి అతుకు పనిలో ఉంది. ఇక్కణ్ణుంచే చెప్పు" అన్నాడు రాఘవులు, కూర్చున్నచోటు నుంచి కదలకుండా.

"మీ ఆవిడ అతుకుతుందంటే అర్థముంది. నీ కూతురు దేన్ని అతుకుతుందిరా?"

"అది నీకు చెప్పినా అర్థం కాదులే, సాయంత్రం రా" అన్నాడు. నిన్నటిదాకా తనకూ తెలియదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

తొమ్మిదింటికి తెరమీద నీలం రంగు వచ్చింది. కిటికీలు కొత్తగా ఉన్నాయి, మీటలు కొత్తచోట ఉన్నాయి. జ్యోతిర్మయి నెట్ తీగ కలపడానికే గంటసేపు కుస్తీ పట్టింది. రెండుసార్లు రాలేదు. "తొందరేముంది, చూసుకో" అన్నాడు రాఘవులు. మూడోసారి కొత్త బ్రౌజర్ తెరుచుకుంది. వెబ్‌సైట్ ఏ వంకా పెట్టకుండా దరఖాస్తు చూపించింది. చీర ఫొటో ఎక్కించింది. తెల్లటి చీరమీద ఎర్రని మిరపకాయలు తెర నిండా పరుచుకున్నాయి. సామ్రాజ్యం వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడింది.

"నేతకారుని పేరు అడుగుతోంది నాన్నా. చెప్పు."

నవ్వుతూనే అడిగింది. ఆయన కండువా భుజాన సర్దుకుని, ఇంటిపేరుతో సహా చెప్పాడు. జ్యోతిర్మయి కొట్టింది. ఊరు, వయసు, ఎన్నేళ్ళుగా నేస్తున్నారు, అంచు ఎవరి ఊహ, అన్నీ పూర్తయ్యాయి.

"ఇక చీర గురించి నీ మాటల్లో రాయమంటున్నారు. ఇక్కడ తెలుగులో కూడా కొట్టొచ్చు. చెప్పు నాన్నా, కొడతాను."

రాఘవులు స్టూలు మీద సర్దుకున్నాడు. మిరప కల్లాల గురించి చెప్పాడు, వాళ్ళమ్మ గురించి చెప్పాడు, ముప్ఫై ఏళ్ళుగా రోజుకు పది గంటలు నేస్తున్నానని చెప్పాడు. జ్యోతిర్మయి ఆయన మాటలు ఆయన మాటల్లాగే కొట్టింది. తర్వాత ఆయన అడిగాడు.

"పడుగు అతికినవాళ్ళ పేరు అడగలేదా?"

"లేదు నాన్నా. నేతకారుని పేరు ఒక్కటే."

"అడక్కపోతే మనం చెప్పకూడదా? రాయి. పడుగులో మూడు వేల పోగులు అతికింది నా భార్య సామ్రాజ్యం. ఆ అతుకు లేకపోతే నేను నేసేదేమీ లేదు."

జ్యోతిర్మయి కొట్టబోయి ఆగింది. "పట్టదు నాన్నా. ఇన్ని అక్షరాలే అని హద్దు పెట్టారు. ఇప్పటికే నిండిపోయింది."

"ఏం రాశావో చదువు."

చదివింది.

"ముప్ఫై ఏళ్ళు, పది గంటలు అన్న ముక్క తీసెయ్" అన్నాడు రాఘవులు. "ఆ చోట్లో మీ అమ్మను పెట్టు."

"అది మీ కష్టం కదండీ" అన్నది సామ్రాజ్యం. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. "నా పేరెందుకు అందులో? చదివేవాళ్ళు నవ్వుతారు."

"నవ్వితే నన్ను చూసి నవ్వుతారు. నా పేరు మీదే కదా పోయేది" అన్నాడాయన. నిన్న ఆ మాటకే భయపడిన మనిషి ఇవాళ దాన్ని ఎంతో తేలిగ్గా అనేశాడు.

జ్యోతిర్మయి ముప్ఫై ఏళ్ళను చెరిపేసింది. ఆ ఖాళీలో తల్లి పేరు కొట్టింది. అన్ని మాటలూ సరిగ్గా పట్టాయి. కన్నీళ్ళకు తెర మసకబారితే భుజానికి ముఖం తుడుచుకుని, కుర్చీలోంచి లేచింది.

"పంపేముందు ఒకసారి చదివి చూడమ్మా. తప్పులుంటే చెప్పు."

సామ్రాజ్యం ఏడో తరగతి దాకా చదువుకుంది. తర్వాత ఆమె పేరు రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా ఎవరూ రాయలేదు. కుర్చీ అంచున కూర్చుని, పోగులు లెక్కపెట్టే వేలితోనే తెరమీద ఒక్కొక్క మాటా తాకుతూ పైకి చదివింది. తన పేరు దగ్గరికి వచ్చాక ఆగింది. రెండోసారి కొంచెం గట్టిగా చదివింది, వీధిలోకి వినపడేంత గట్టిగా.